ఒక్క బెండు ఎక్కువ

పోర్ట్‌బ్లెయిర్ బతు బస్తీలో కామమ్మ చేయి పడని వల లేదని పాతవాళ్ళు ఇప్పటికీ అంటారు. అందులో కాస్త అతిశయం ఉన్నా అబద్ధం లేదు. పన్నెండేళ్ళకే వల బాగుచేయడం మొదలుపెట్టిన మనిషి. ఇప్పుడు నలభై ఎనిమిది. ఈ మధ్య పదకొండేళ్ళుగా వలలు మానేసి, మనుషులు వేసుకొని నీళ్ళలో దిగే సామాన్లు బాగుచేస్తోంది. చిడియా టాపు ఒడ్డున గణపతి అనే తెలుగాయన నడిపే స్కూబా సెంటర్లో సామాన్ల గది ఆమెది. రబ్బరు సూట్లను ఉప్పు వదిలేదాకా మంచినీళ్ళలో జాడించి ఆరేస్తుంది, తెగిన పట్టీలు కుడుతుంది, చిల్లులు పడ్డ గాలితిత్తులకు అతుకులు వేస్తుంది.

నోరు మాత్రం మంచిది కాదు. తడి కాళ్ళతో గదిలోకి వచ్చిన టూరిస్టుకు తిట్లు హిందీలో పడేవి, పడవ వాళ్ళకు తెలుగులో పడేవి, ఎవరూ దొరక్కపోతే పిల్లికైనా పడేవి. జీతమిచ్చే గణపతి కూడా ఆ గడప దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రావచ్చా అని అడిగి వచ్చేవాడు. అలాంటి కామమ్మ మూడేళ్ళుగా ఒక్క పని దగ్గర మాత్రం నోరు మెదపదు. ఎవరికి ఎంత సైజు వింగ్ ఇవ్వాలో చెప్పదు. ఎవరైనా అడిగితే గైడ్లను అడగమని తల తిప్పేసుకుంటుంది.

వింగ్ అంటే మరేమీ కాదు, డైవర్ వీపుకూ సిలిండరుకూ మధ్య ఉండే గాలితిత్తి. అందులోకి గాలి వదిలితే మనిషి తేలతాడు, తీసేస్తే మునుగుతాడు. చూడ్డానికి గుర్రపు నాడాలా ఉంటుంది. ఎన్ని కిలోల బరువును తేల్చగలదో దాన్నిబట్టి సైజు. పది కిలోలవీ ఉంటాయి, పాతిక దాటినవీ ఉంటాయి. ఈ చిన్న ఎంపికలోనే కామమ్మ తన తమ్ముడి జీవితాన్ని పాడుచేసింది. పాడుచేశానని ఆమే అంటుంది, ఇంకెవరూ అనరు. అనకపోవడమే ఆమెకు పెద్ద బాధ.

తమ్ముడి పేరు దేవేంద్ర. అప్పా అని పిలిచే అక్కకూ అతనికీ పద్నాలుగేళ్ళ తేడా. తల్లి యర్రమ్మ అతని కాన్పులోనే పోయింది. తండ్రి నూకయ్య శ్రీకాకుళం ఒడ్డు నుంచి పడవ పని వెతుక్కుంటూ దీవులకు వచ్చినవాడు. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్త వల కట్టేటప్పుడు పైతాడుకు లెక్క ప్రకారం దాన్ని తేల్చే బెండ్లన్నీ మగవాళ్ళు కడతారు. ఆ లెక్క అయ్యాక ఇంటి ఆడపిల్ల వచ్చి ఒక్క బెండు ఎక్కువ కడుతుంది. దాన్ని ఆడపడుచు బెండు అనేవాళ్ళు. ఆ బెండును మగవాడు వద్దనకూడదు, విప్పకూడదు. వల చిరిగి మూల పడేదాకా అది ఉండాల్సిందే.

కామమ్మకు పదిహేడో ఏట, వేరే వల ఒకటి మూల జారుతోందని నూకయ్య తన వలకున్న ఆ బెండు విప్పి దానికి కట్టాడు. అది ఆమె చూసింది. ఆ రోజే బెండు విప్పిన వల అడుగున దేనికో పట్టుకుంది, పోటుకు తాడు బిగిసి అతని కాలికి చుట్టుకుంది. పడవ మీద ఉన్నవాళ్ళు తాడు కోసేలోపు అంతా అయిపోయింది. ఒక్క బెండుకు మనిషి ప్రాణం ఆగుతుందా అని అప్పుడు ఎవరూ అడగలేదు. పదిహేడేళ్ళ పిల్లకు ఏదో ఒక కారణం కావాలి కదా, ఆమె దాన్ని పట్టుకుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు ముప్పై ఏళ్ళు వదల్లేదు.

అప్పటికి దేవేంద్రకు మూడేళ్ళు. పెళ్ళి మాట ఎవరు ఎత్తినా తిట్టి పంపేసి, వలలు కుట్టి వాణ్ణి పెంచింది. బియ్యం డబ్బాలో ఒక గుప్పెడు ఎక్కువ, దుప్పటి మీద దుప్పటి, బడికి వెళ్ళే సంచిలో ఒకటికి రెండు పెన్సిళ్ళు. ఆమె ప్రేమ అంతా ఒక్క బెండు ఎక్కువలోనే ఉండేది. వాడు నీళ్ళ వైపు చూడకూడదని ఎంత కట్టడి చేసినా, చేపపిల్లకు ఈత నేర్పాలా, నేర్చేశాడు. ఇరవై రెండేళ్ళకు గణపతి సెంటర్లో గైడుగా చేరాడు. వాడి మీద కన్నేసి ఉంచడానికే ఆ మరుసటేడు కామమ్మ కూడా అక్కడ సామాన్ల గదిలో చేరింది. జీతం కోసం అని ఊళ్ళోవాళ్ళకు చెప్పుకుంది.

ఆ రోజులే ఆమె బతుకులో మంచి రోజులు. సాయంత్రం బస్సులో ఇంటికి వస్తూ దేవేంద్ర ఆ రోజు కింద చూసినదాంట్లో ఒకటి చెప్పేవాడు. ఒకే ఒకటి. రాయి కింద గుడ్లు కాచుకుంటున్న చేప, చాపలా పరుచుకొని ఇసుకలో కళ్ళు మాత్రమే పైకి పెట్టుకున్న టేకు చేప, గుంపుగా వచ్చి ముఖం మీదే విడిపోయే చిన్న చేపలు. కామమ్మ పుట్టినప్పటి నుంచీ చేపల మధ్యే ఉంది, కానీ అన్నీ చచ్చినవే. చేపలు ఎలా బతుకుతాయో ఆమెకు తమ్ముడే చెప్పాడు. అది వినడం కోసం రోజంతా ఎదురుచూసేది.

ముప్పై ఒకటో ఏట దేవేంద్ర ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష పాసయ్యాడు. బతు బస్తీ నుంచి ఆ కార్డు తెచ్చుకున్న మొదటివాడు. ఇన్‌స్ట్రక్టర్ అయ్యాక సొంత సామాను ఉండాలి. అతను పన్నెండు కిలోల వింగ్ తెప్పించుకుందామని అనుకున్నాడు. కానీ అప్పటికే కామమ్మ ఒకటి సిద్ధం చేసింది.

బెంగళూరు నుంచి వచ్చిన ఒక డైవర్, వీపున రెండు సిలిండర్లు కట్టుకొని బాగా లోతుకు దిగే రకం, చిరిగిన తన వింగ్‌ను పారేయమని వదిలి వెళ్ళాడు. ఇరవై ఏడు కిలోలు తేల్చే తిత్తి. కామమ్మ దాన్ని పారేయలేదు. వారం రోజులు కూర్చుని లోపలి సంచికి అతుకులు వేసింది, పై గుడ్డ కుట్టింది, తొట్టిలో ముంచి ఒక్క బుడగ కూడా రావడం లేదని చూసుకుంది. ఆమె చేసిన పనుల్లో అంత మంచి పని ఇంకొకటి లేదు. పాసయిన రోజు పొద్దున అది తమ్ముడి చేతిలో పెట్టింది.

దేవేంద్ర దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కుట్టు మెచ్చుకున్నాడు. తర్వాత మెల్లగా, ఇది రెండు సిలిండర్లకు చేసింది, మనం కట్టుకునేది ఒకటే అన్నాడు. సైజు ఎలా ఎంచుకోవాలో ఓపికగా చెప్పాడు. తిత్తి రెండు పనులు చేయగలిగితే చాలట. ఒకటి, సామాను విప్పి నీళ్ళ మీద వదిలితే నిండు సిలిండరుతో సహా అది మునగకుండా ఉండాలి. రెండు, లోతుకు పోయినప్పుడు ఒత్తిడికి రబ్బరు సూటు నలిగి తేలే గుణం పోతుంది కదా, ఆ పోయినదాన్ని పూడ్చగలగాలి. చలి దేశాల్లో మందపు సూటు, ఉక్కు సిలిండరు, కాబట్టి అక్కడ పెద్దది కావాలి. మన సముద్రం వెచ్చన, సూటు పల్చన, సిలిండరు అల్యూమినియం. పదో పన్నెండో కిలోలు మించితే ఉపయోగం లేదు, పైగా ఇబ్బంది.

ఎక్కువైతే నష్టమేమిటని కామమ్మ అడిగింది. బెండు ఎక్కువై మునిగిన వలను తను చూడలేదంది.

"బెండు ఎక్కడున్నా బెండేనప్పా. కింద ఎంతో పైనా అంతే. తిత్తిలో గాలి అలా కాదు. కింద గుప్పెడు గాలి ఏస్తే పైకొచ్చేసరికి అది రెండు మూడు గుప్పిళ్ళయిపోతాది. పెద్ద తిత్తిలో అది ఎక్కడో మడతలో ఇరుక్కుంటే బయటికి తియ్యలేం."

చెప్పింది అర్థం కాకపోవడానికి కామమ్మ మొద్దు కాదు. ఎనిమిదేళ్ళుగా ఆ గదిలో ఉంది. ఈ సంగతి ఇన్‌స్ట్రక్టర్లు కొత్తవాళ్ళకు చెబుతుంటే వందసార్లు వింది. పరాయివాడు ఎవరైనా ఒక్క సిలిండరుకు ఆ తిత్తి అడిగితే, నెత్తిన ఒకటి మొట్టి చిన్నది చేతిలో పెట్టేది. కానీ ఇక్కడ నిలబడినవాడు పరాయివాడు కాదు. తెలివి ఒకవైపు, భయం ఒకవైపు లాగితే ఆమె ఎప్పుడూ భయం వెంటే పోయింది. దేవేంద్ర మళ్ళీ ఏదో చెప్పబోయాడు. ఆమె చెప్పనివ్వలేదు.

"సముద్రం కాడ లెక్కలు సెప్పకురా. నాన్న కూడా ఒక్క బెండు తక్కువ సేసుకునే పోనాడు."

దాంతో మాట అయిపోయింది. దేవేంద్ర తిత్తి భుజాన వేసుకొని బయటికి వెళ్ళాడు. గెలిచానని కామమ్మ సంతోషపడింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు ఒళ్ళు మండుతుంది.

మూడు నెలలు ఏమీ కాలేదు. పడవనే వీపుకు కట్టుకున్నావా భయ్యా అని తోటి గైడ్లు ఆటపట్టించేవారు. దేవేంద్ర నవ్వి, అప్ప కుట్టిందని చెప్పేవాడు. అది తేలికగా లొంగేది కాదని, పైకి వచ్చేటప్పుడు గాలి వదలడానికి పక్కకు ఒరిగి తిప్పలు పడేవాడని ఆమెకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం రోజూ పొద్దున తన చేత్తో పట్టీలు బిగించి పంపేది.

ఆ రోజు అతనికి అది మూడో డైవ్. పద్దెనిమిది మీటర్ల లోతులో ఒక గెస్ట్, భారీ మనిషి, కళ్ళద్దంలోకి నీళ్ళు రాగానే బెదిరిపోయి దేవేంద్రను వాటేసుకున్నాడు. ఇద్దరి బరువూ ఆగడానికి దేవేంద్ర తిత్తిలోకి గాలి వదిలి, అతన్ని మెల్లగా పైకి తీసుకురావడం మొదలుపెట్టాడు. సగం దూరంలో రెండో గైడు వచ్చి గెస్ట్‌ను పట్టుకున్నాడు. ఆ బరువు తప్పుకోగానే దేవేంద్ర ఒక్కడే మిగిలాడు, ఇద్దరికి సరిపడా గాలితో. గాలి వదిలే తాడు లాగాడు. వెడల్పాటి తిత్తి ఒక్క సిలిండరు చుట్టూ ముడుచుకుపోయి ఉంది, గాలంతా ఆ మడతలో చిక్కుకుంది. బయటికి వచ్చింది కొంచెం. పైకి పోయేకొద్దీ మిగతాది ఉబ్బింది. చిన్న తిత్తి అయితే అంత గాలి పట్టేదే కాదు, అంత మడతా పడేది కాదు. నెమ్మదిగా నిమిషాల మీద రావలసిన దూరం రెప్పపాటులో వచ్చేశాడు. ఊపిరి బిగబట్టకుండా వదులుతూ వచ్చాడు కాబట్టి ప్రాణం దక్కింది. పడవ ఎక్కాక నవ్వుతూనే ఉన్నాడట. కానీ అంత వేగంగా పైకి వస్తే నెత్తుట్లో గాలి బుడగలు పుడతాయి. ఒడ్డుకు వచ్చేసరికి ఎడమ కాలు తనది కానట్టు ఉందన్నాడు.

పోర్ట్‌బ్లెయిర్లో ఆసుపత్రివాళ్ళు అతన్ని ఉక్కు గదిలో పెట్టి గాలి ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ వైద్యం చేశారు. రోజుకు కొన్ని గంటలు, రెండు వారాలు. వాళ్ళు చేయగలిగిందంతా చేశారు. కాలు కొంత వచ్చింది, కొంత రాలేదు. ఇక జీవితంలో నీళ్ళ కిందికి దిగకూడదని డాక్టరు చెప్పాడు. రెండో గైడు ఆసుపత్రి వరండాలో కామమ్మకు జరిగింది చేతులతో చూపించి చెప్పాడు. మడత అనగానే ఆమెకు అర్థమైపోయింది. ఎక్కడ మడత పడి ఉంటుందో ఆమె వేళ్ళకు తెలుసు. అక్కడ అతుకు వేసింది తనే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇంటికి వచ్చి ఆ తిత్తిని కత్తిపీటతో ముక్కలు చేసింది. కనబడిన ప్రతివాళ్ళకూ నేనే చేశాను, నేనే చేశాను అని చెప్పింది. సముద్రం పని, నీ తప్పేముందని అందరూ అన్నారు. గెస్ట్ బెదిరితే ఎవరేం చేస్తారని గణపతి అన్నాడు. దేవేంద్ర కూడా అదే అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేది. తిట్టనివాడి కాళ్ళు ఎలా పట్టుకుంటారు?

ఆరు నెలల తర్వాత గణపతి అతన్ని ఒడ్డు మీద పాఠాలు చెప్పే పనికి పెట్టుకున్నాడు. దేవేంద్ర కుర్చీలో కూర్చుని, నీళ్ళలోకి పోయేవాళ్ళకు నీళ్ళ గురించి చెబుతాడు. బాగా చెబుతాడు. పడవ బయల్దేరేటప్పుడు మాత్రం బోర్డు తుడుస్తూ అటు తిరిగి నిలబడతాడు. సాయంత్రం అక్కాతమ్ముళ్ళు ఎప్పటిలాగే అదే బస్సులో వస్తారు. చెప్పడానికి ఇప్పుడు చేపలు లేవు. డెలానీపూర్ దాకా పోయే బస్సులో ఎవరు ఎక్కుతున్నారో ఎవరు దిగుతున్నారో చూస్తూ కూర్చుంటారు. ఒకసారి కామమ్మే తెగించి, గుడ్లు కాచుకునే చేప సంగతి మళ్ళీ చెప్పమంది. మర్చిపోయానప్పా అన్నాడు. వాడు మర్చిపోలేదని ఆమెకు తెలుసు.

ఇలా మూడేళ్ళు గడిచాయి. మొన్న డిసెంబరులో ఆస్టినాబాద్ నుంచి సాయిలక్ష్మి అనే అమ్మాయి కోర్సులో చేరింది. పంతొమ్మిదేళ్ళుంటాయి, గట్టిగా గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. మొదటి డైవ్ రోజు వాళ్ళమ్మ కాశమ్మ కూడా వచ్చింది. ఆమెకు ఆస్టినాబాద్‌లో కిరాణా కొట్టు. కూతురికి పది కిలోల వింగ్ రాసి గైడు పడవ దగ్గరికి వెళ్ళాడు. కాశమ్మ తిన్నగా సామాన్ల గదికి వచ్చింది.

"దీదీ, మా పిల్లకి కొంచెం బడా వాలా ఇవ్వండి. నాకు ఒక్కత్తే పిల్ల. పెద్దదైతే నష్టమేటి?"

పక్క గదిలో దేవేంద్ర పాఠం ముగించి పుస్తకాలు సర్దుతున్నాడు. మధ్యలో ఉన్నది చెక్క గోడ, మాట వినబడుతుంది. కామమ్మ ఎప్పటిలాగే గైడును అడగమని తల తిప్పుకోవచ్చు. తిప్పుకోబోయింది కూడా. కానీ కాశమ్మ ముఖం చూసింది. రాత్రంతా నిద్రలేని ముఖం. అలాంటిది ఆమె రోజూ అద్దంలో చూస్తుంది.

"నష్టమే తల్లీ. పిల్లకి ఎంత కావాలో అంతే ఇవ్వాల. ఎక్కువైనది పిల్ల కోసం కాదు, మన కోసం. నాను ఇవ్వను."

కాశమ్మకు కోపం వచ్చింది. పెద్ద మేడమ్‌లకైతే అడిగింది ఇస్తారు, మాలాంటి వాళ్ళకు ఇవ్వరా అంది. కామమ్మ మాటకు మాట అనలేదు. ఆమెను కూర్చోబెట్టి, సూటు మందం చెప్పింది, సిలిండరు బరువు చెప్పింది, గాలి పైకి వస్తూ ఎలా ఉబ్బుతుందో చెప్పింది. చిన్న వింగ్‌ను సిలిండరుకు కట్టి తొట్టిలో వదిలి, మునగకుండా తేలడం చూపించింది. దేవేంద్ర ఒకనాడు తనకు చెప్పిన మాటలే, వరస కూడా మారలేదు. ఒక్కటీ మర్చిపోలేదని చెబుతుంటేనే ఆమెకు తెలిసింది. కాశమ్మ చివరికి ఒప్పుకుంది. పూర్తిగా నమ్మి కాదు, కానీ ఒప్పుకుంది. పిల్ల చిన్న తిత్తి వేసుకొని తల్లికి చెయ్యి ఊపి పడవ ఎక్కింది.

కాశమ్మ ఒడ్డుకు వెళ్ళిపోయాక దేవేంద్ర కాలు ఈడ్చుకుంటూ గడప దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు.

"ఆ రోజు నాకూ చిన్నదే ఇచ్చుంటే బాగుండేదప్పా."

ఈ మాట కోసం కామమ్మ మూడేళ్ళు కాచుకుంది. ఇది వస్తే గుండె మీద బరువు దిగుతుందనుకుంది. దిగలేదు. పైగా, ఎవరికైనా అలాగే వస్తుందేమో, ముందు తనను కాపాడుకునే మాటే నోటికి వచ్చింది.

"నువ్వు గట్టిగా వద్దనొచ్చు గదరా."

"అన్నాను. ఇంకోసారి కూడా అనబోయాను. నువ్వు నాన్న పేరెత్తినావు."

"ఎత్తితే? నీకు అన్నీ తెలుసు గదా. ఇన్‌స్ట్రక్టరువి. అది మంచిది కాదని తెలిసి ఎందుకేసుకున్నావురా?"

దేవేంద్ర గొంతులో కోపం లేదు, ఉంటే ఆమెకు తేలికయ్యేది.

"నీకు నిద్ర పడతాదని ఏసుకున్నానప్పా."

బతు బస్తీలో వాళ్ళది రెండు గదుల ఇల్లు, మధ్యలో సన్నటి తడక గోడ. ఈ మూడేళ్ళలో ఆమె ఒక్క రాత్రి కూడా సరిగ్గా పడుకోలేదని ఆ గోడ అవతల పడుకునే దేవేంద్రకు తెలుసు.